కళాశాలకు పోవు బిడ్డకు పెద్దలు చెప్పవలసిన మాట



తొలకరి చినుకులు పడి గుంటకలు పొలములకు సాగు దినములలోనే మన హాలహర్వి ప్రాంతమున మఱియొక ప్రయాణము కూడ మొదలగును. బస్సు నిలుచు చోట ఒక పడుచువాడో పడుచుపిల్లయో క్రొత్త సంచితో నిలిచియుందురు. ప్రక్కన తల్లి చేతిలో జొన్నరొట్టెల మూట, బుడ్డల పొడి డబ్బా. ఒక బస్సు బళ్లారి వైపు పోవును. ఒకటి ఆలూరు మీదుగా ఆదోనికి పోవును. బస్సు కదలునపుడు తండ్రి కిటికీ చెంతకు వచ్చి, "బాగా చదువుకో నాయనా" అని యొక్క మాట చెప్పును. ఆ మాట మంచిదే. కాని బాగుగా చదువుట యెట్లో అందులో లేదు. నేనును ఒకప్పుడు ఆ మాటనే మూటగట్టుకొని బస్సెక్కినవాడను. మూడు మాసములైనను కాకమునుపే ఆ మూట యడుగంటినది.

జరిగినది చెప్పెదను. మా అర్థశాస్త్రోపన్యాసకులు మొదటి మాసముననే "ఎలాస్టిసిటీ" అను మాటను పదేపదే పలుకజొచ్చిరి. నాకు తెలిసిన ఎలాస్టిక్కు లాగు నడుమునకు కుట్టునదొక్కటే. దానికిని ధరలకును సంబంధమేమో బోధపడలేదు. ప్రక్కవాడు తల యూపుచుండెను గనుక నేనును ఊపితిని. వానికిని తెలియదని చాల దినములకు గాని బయటపడలేదు! తెలియదని చెప్పిన నవ్వుదురేమో యను భయముతో మూడు మాసములు వెనుక బల్లపై కూర్చుండి, పలక ముందు కూర్చున్న పసివానివలె వ్రాసినదే వ్రాసికొంటిని. మొదటి పరీక్షలో వచ్చిన మార్కులు ఇంట చెప్పలేదు. తుదకొకనాడు వసారాలో ఆయన కెదురుపడి, తెలుగుననే అడిగితిని. ఆయన కోపింపలేదు. "మీ యింట ఉప్పు ధర రెట్టింపైనచో కూరలో ఉప్పు తగ్గింతురా?" అనిరి. లేదంటిని. "మామిడిపండ్ల ధర రెట్టింపైనచో?" సగమే కొందుమంటిని. "ధర మారినపుడు కొనుగోలు ఎంత సాగునో, ఎంత ముడుచుకొనునో, దానికే ఆ పేరు" అని చెప్పి వెడలిపోయిరి. ఆదోని సంతలో మా నాయన ప్రక్కన నిలిచి నేను చిన్ననాటనే కన్నులార చూచిన సంగతి యది! దానిని తెలిసికొనుటకు పట్టినది రెండు నిమిషములు. అడుగుటకు పట్టినది మూడు మాసములు.

కావున నేను చెప్పదలచినది ఒక్కటే. కళాశాలలో మొదటి యేడు తప్పిపోవు మన బిడ్డలలో పెక్కుమంది బుద్ధి చాలక తప్పిపోవుట లేదు, అడుగక తప్పిపోవుచున్నారు.

పాఠశాలలో అట్లుండదు. అచ్చట పంతులు బిడ్డ పేరెఱుగును, తండ్రి పేరెఱుగును, రెండు దినములు రానిచో ఇంటికి కబురంపును. కళాశాలలో ఒక్కొక్క తరగతిలో అరువది డెబ్బదిమంది యుందురు. ఉపన్యాసకులు వత్తురు, గంటసేపు చెప్పుదురు, పోవుదురు. బిడ్డకు తెలిసినదా లేదా యని వెదకి చూచువారు తక్కువ. ఇది వారి నిర్లక్ష్యమని నేననను; ఆ చదువు పద్ధతియే యంత. అచ్చట తెలియనిది తెలియదని చెప్పు భారము ఉపాధ్యాయుని మీదనుండి విద్యార్థి మీదికి దిగును. ఈ మార్పును ఆ బిడ్డకు ముందుగా చెప్పువారు ఎవరును లేరు.

అందులో భాష యొకటి. మన రాష్ట్రమున 2021-22 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ తరగతులలో ఆంగ్లముననే బోధన జరుగవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. అది మేలా కీడా యను వాదము నేనిప్పుడు చేయను. బస్సెక్కిన బిడ్డకు ఆ వాదము పనికిరాదు. కాని ఒక్క సంగతి గమనింపుడు. మనది సరిహద్దు సీమ. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. బళ్లారి మైసూరు వైపు పోయినది. గీత గీచినంత మాత్రమున నాలుకలు వేఱుపడలేదు. నేటికిని మన యూళ్లలో కన్నడము, తెలుగు రెండును ఒకే అరుగుమీద వినబడుచుండును. ఆ రెండవ భాషను మన పిల్లలు ఏ బడిలో నేర్చిరి? తప్పులు పలికి, తోడివారు నవ్వగా దిద్దుకొని, మరల పలికి నేర్చిరి. మూడవదానిని నేర్చు మార్గమును అదియే. రెండు భాషలతో పుట్టి పెరిగినవాడు మూడవదానికి బెదరుట వింతగాదా? ఈ మాట వానికి మీరే చెప్పవలెను. పట్టణమున ఎవరును చెప్పరు.

చేయదగిన పని పెద్దది కాదు. మఱునాటి పాఠమును ముందునాటి రాత్రి ఒకమారు చదువవలెను, తెలిసినను తెలియకున్నను. తెలియని మాటలు ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని, ఎదురుగా తెలుగుననో కన్నడముననో అర్థము వ్రాసికొనవలెను. దినమునకు పది మాటలైనను చాలును. తరగతి ముగిసిన పిదప ఒక్క ప్రశ్న అడుగవలెను. తరగతిలో నోరు రానిచో వసారాలో, ఆంగ్లమున రానిచో తెలుగున. తెలుగున అడిగినవానిని తరగతినుండి వెడలగొట్టిన ఉపన్యాసకుని నేను చూడలేదు.

ఇంట చదువుకొన్నవారు లేని బిడ్డకు ఇది మఱింత యవసరము. దత్తమండలములలో ప్రభుత్వ కళాశాల 1916లో అనంతపురమున వెలసినది. కర్నూలులో ఉస్మానియా కళాశాల 1947లో గాని స్థాపింపబడలేదు. నాటి కర్నూలు బిడ్డ డిగ్రీ చదువవలెనన్న జిల్లా దాటవలసినదే. కర్నూలు సమీపమున పెదపాడులో 1921లో ఒక పేద దళిత కుటుంబమున పుట్టి, పసితనముననే తండ్రిని కోల్పోయిన దామోదరం సంజీవయ్యగారు అట్లే అనంతపురము పోయి చదివిరి. పిదప మద్రాసులో న్యాయశాస్త్రము చదివిరి. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యైరి. ఆ దారిలో ఆయన ఎందఱిని అడిగి, ఎందఱి యరుగులెక్కి దిగి యుండునో ఊహింపుడు. అడుగుట బిచ్చము కాదు. మన యిండ్లలో మాత్రము "ఎవరి దగ్గరా చేయి చాచవద్దు" అని పెంచుచున్నాము. డబ్బు విషయమున అది గొప్ప గుణము. చదువు విషయమున అదే గుణము బిడ్డ గొంతు నొక్కుచున్నది.

ఇక మీకు కొంచెము కష్టముగా తోచు మాట. మన ప్రాంతమున వానలు తప్పిన యేట కుటుంబములు గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి యేరుటకు పోవుచుండును. సుగ్గికి పోవుట యందుము. ఇంట చేతులు చాలనపుడు కళాశాలలోని బిడ్డకు కబురు పోవును: "నెల దినములు వచ్చి పో." ఆ నెల ఎంత విలువైనదో లెక్క చూడుడు. పరీక్షకు కూర్చుండవలెనన్న నూటికి డెబ్బదియైదు వంతుల హాజరుండవలెను. ఆరు మాసముల చదువులో తొంబది పనిదినములున్నచో అందులో 68 దినములు తరగతిలో నుండవలెను. మానదగినవి 22 మాత్రమే. జ్వరములు, జాతరలు, పెండ్లిండ్లు అన్నియు ఆ ఇరువది రెంటిలోనే. సుగ్గి నెల ఒక్కటే దానిని మింగి, ఇంకను అప్పు నిలుపును. ప్రభుత్వమిచ్చు ఫీజు సహాయమునకును హాజరు చూతురు గనుక, కూలి వచ్చినదని సంతోషించునంతలో ఫీజు మన మీద పడవచ్చును. ఆ రెండు చేతుల కూలి లేనిదే అప్పు తీరని యిండ్లున్నవని నేనెఱుగుదును. ఆ యిండ్లవారిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. అట్టివారు చేరిన మొదటి వారముననే సంక్షేమ వసతిగృహమునకు దరఖాస్తు పెట్టింపవలెను. కుల, ఆదాయ ధ్రువపత్రములు జూన్ నెలకు ముందే సిద్ధపఱచుకొనవలెను. కబురంపుట తప్పనిసరియైనచో ముందు హాజరెంత యున్నదో బిడ్డ నడిగి, పిదప పంపుడు.

బళ్లారి దగ్గరయని అచ్చట చేర్చదలచినవారు కొందఱుందురు. మంచిదే. కాని అది వేఱు రాష్ట్రము. మన ప్రభుత్వపు ఫీజు సహాయము అచ్చట వర్తించునా, ముందు చదువులకు స్థానికత నిలుచునా యను రెండు ప్రశ్నలకు చేరకమునుపే జవాబు తెలిసికొనుడు. నోటిమాటగా గాదు, వ్రాతమూలకముగా.

ఆడపిల్ల విషయమున ఒక మాట. ఆమె ఏదైన ఇబ్బంది చెప్పినచో, "అయితే చదువు చాలు, ఇంటికి రా" అను మొదటి జవాబు మనది. ఆ జవాబు ఒక్కమారు విన్న పిల్ల రెండవ ఇబ్బందిని చెప్పదు. మానిపింతురను భయముచేత మౌనముగా భరించును. కావున బస్సెక్కకమునుపే, "ఏమి జరిగినను చెప్పు, చదువు మానిపించము" అని మాట యీయవలెను. ఇచ్చి నిలుపుకొనవలెను. పెద్ద తరగతులవారు క్రొత్తవారిని ఏడిపించుట, అనగా ర్యాగింగు, మన రాష్ట్రమున 1997 నాటి చట్టముచేత నేరము. అది మగపిల్లలకును జరుగును, వారును చెప్పరు. 1800-180-5522 అను సంఖ్యకు ఫోను చేసిన ఫిర్యాదు తీసికొందురు. బిడ్డ పుస్తకపు అట్ట వెనుక దానిని మీ చేతితోనే వ్రాసి యిండు.

తప్పిన పరీక్ష గురించియు కొంత తెలియవలెను. మన కాలమున తప్పినవాడనగా ఏడాది పోగొట్టుకొని ఇంట కూర్చున్నవాడు. నేటి పద్ధతిలో తప్పిన పాఠ్యాంశమును మరల వ్రాసికొనవచ్చును. ఇది తెలియని పెద్దలు నలుగురిలో అనిన మాటకు పిల్లలు ప్రాణముమీదికి తెచ్చుకొనుట మనము వినుచునే యున్నాము. ఫలితములు వచ్చిననాడు ముందు అన్నము పెట్టుడు. మాట మఱునాటికి నిలుపుడు. బిడ్డ మనసు మఱీ క్రుంగినట్లు తోచినచో 14416 అను సంఖ్యకు ఫోను చేయుడు. తెలుగున మాటలాడువా రుందురు, ఖర్చు లేదు.

దసరా సెలవులకు బిడ్డ మొదటిమారు ఇంటికి వచ్చును. అరుగుమీది పెద్దలందఱము, "ఏమప్పా, ఎన్ని మార్కులొచ్చినాయి?" అని యొకే ప్రశ్న వేయుదుము. ఈ యేడు దానిని కొంచెము మార్చి చూడుడు. "నీవు చదివినదానిలో ఒక్క పాఠము మాకు చెప్పప్పా" అని యడుగుడు. మీకు చదువు రాకున్నను పరవాలేదు. నిజమునకు రాకుండుటయే మేలు. ఉప్పు, మామిడిపండ్ల పాఠమువలె మనకు తెలియునట్లు చెప్పగలిగినచో అది వానికి వచ్చినట్లే. చెప్పుచు చెప్పుచు ఎచ్చటనో ఆగును. తల గోకికొనును. అది ఆంగ్లముననే యున్నదనును. అప్పుడు నవ్వకుడు. ఆ యాగిన చోటును ఒక చీటిమీద వ్రాసికొమ్మని, తిరుగు బస్సెక్కునపుడు దానిని జేబులో పెట్టి పంపుడు.