పగడాలు చచ్చిపోయాయా? ఎవరు చూశారు?

కువైట్‌లోని రుమైథియా ఇళ్లలో వంటపనికో, డ్రైవర్లుగానో కడప, కోనసీమల నుంచి వచ్చిన మనవాళ్లకు సెలవు రోజున సముద్రమంటే పక్కనున్న సాల్మియా ఒడ్డే. అక్కడ 2000లో తెరిచిన సైంటిఫిక్ సెంటర్ అక్వేరియంలో అద్దం అవతల సొరచేపలు తిరుగుతుంటాయి. బయటి సముద్రంలోనూ పది మీటర్లకు పైగా పెరిగే తిమింగల సొర అప్పుడప్పుడు కంటపడుతుంది. పడవలోంచి తీసిన వీడియో ఫోన్లకు చేరగానే తీర్పులు మొదలు. సముద్రం బాగుపడిందని ఒకరు, వేడికి దారితప్పిందని ఇంకొకరు. ఒక్క చేపను చూసి రెండూ తేల్చలేం.

తేల్చాలంటే అది ఏ చేపో తెలియాలి. మొప్పల వెనక పక్క మీద ఉండే తెల్లచుక్కల అమరిక ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. ఆ ఫొటోలను పోల్చడానికి శాస్త్రవేత్తలు 2005లో నక్షత్ర పటాలను సరిపోల్చే ఖగోళ లెక్కను అరువు తెచ్చుకున్నారు. 2021 డిసెంబరులో ఇప్పటి అనకాపల్లి జిల్లా తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొరను తిరిగి సముద్రంలోకి పంపాక, దాని ఫొటోలను గుర్తింపు కోసం మాల్దీవులకు పంపింది ఇందుకే.

ఖతార్‌కు చెందిన అల్ షహీన్ చమురు క్షేత్రం దగ్గర వేసవిలో తిమింగల సొరలు పదుల సంఖ్యలో గుమిగూడతాయి. ముందుగా ఫొటోలు తీసింది చమురు వేదిక మీది ఉద్యోగే. ట్యూనా జాతి చేపల గుడ్ల కోసం అవి వస్తాయని 2013లో పరిశోధకులు రాశారు. ఇక చమురు వేదికలు సముద్రానికి మేలు చేస్తున్నాయనే వాదన బయల్దేరింది. మేలు చేసింది ఇనుమా, చుట్టుపక్కల చేపలవేట లేకపోవడమా? ఈ ప్రశ్న అడగకుండా ఆ వాదనను మింగేయకూడదు.

భయపెట్టే మాటలకూ ఇదే పరీక్ష. 1991 గల్ఫ్ యుద్ధంలో లక్షల బారెళ్ల చమురు గల్ఫ్‌లో కలిసినప్పుడు కువైట్‌కు చెందిన కుబ్బర్, ఖారూ, ఉమ్ అల్ మరాదిమ్ దీవుల పగడాలకు నూకలు చెల్లాయనుకున్నారు. తర్వాత నీళ్లలో దిగి చూస్తే చాలావరకు బతికే ఉన్నాయి. నూనె పైన తేలింది, పగడాలు అడుగున ఉన్నాయి. అసలు దెబ్బ సౌదీ ఒడ్డున ఉప్పుచిత్తడికి తగిలింది.

అలాగని భయం వట్టిదేం కాదు. 2020 జూలైలో కువైట్ అఖాతంలో నీటి వేడి 37.6 డిగ్రీలకు చేరింది. ఆ అంకె చూపి దీవులన్నీ ఉడికిపోయాయనడం మాత్రం తొందరపాటు. కొలిచింది లోతు తక్కువున్న ఉత్తర అఖాతంలో, ఆ దీవులేమో దక్షిణాన ఉన్నాయి. వేడికి పగడం తెల్లబడితే చచ్చినట్టూ కాదు, లోపలి నాచును వదిలేసిందంతే. వేడి దిగితే కోలుకోవచ్చు. కొన్ని వారాల తర్వాత అదే చోటుకు వెళ్లి చూస్తే పచ్చటి నాచు దుప్పటి కప్పుకుని ఉందనుకోండి, అప్పుడు పోయినట్టే. తెల్లటి ఫొటో అందరూ పంచుతారు, రెండోసారి వెళ్లేవాళ్లే అరుదు.

పగడాలకు తగిలే లంగరు దెబ్బకు ఇంత చర్చ అక్కర్లేదు. గొలుసు ఈడ్చుకుపోయిన చోట కొమ్మలు విరిగి పడుంటాయి, దిగిన ఎవరికైనా కనిపిస్తాయి. కువైట్ డైవ్ టీం వలంటీర్లు వలలు ఏరుతూ, పడవలు కట్టుకోవడానికి తేలే బోయాలు వేస్తూ ఏళ్ల తరబడి చేస్తున్నది ఇలాంటి దెబ్బలను తప్పించే పనే.