ఆట మారితే బూటు మారాలా?

బేగంపేటలో తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తేవారిని మీరు చూసే ఉంటారు. సాయంత్రం ఏదైనా ఇండోర్ హాల్లోకి వెళితే, షటిల్ బాడ్మింటన్ ఆడేవారిలో కొందరి కాళ్లకు అవే పరుగు బూట్లు కనిపిస్తాయి. "బూట్లు బూట్లే కదా! పరుగుకైతేనేం, షటిల్‌కైతేనేం?" అని మీకు అనిపించవచ్చు. కాని బూటు మన కాలికి సరిపోవడంతో పాటు ఆడే ఆటకూ, ఆ నేలకూ సరిపోవాలి. లేకపోతే చీలమండకో మోకాలికో ముప్పు. ఎందుకో చూద్దాం.

ముందుగా బేగంపేట రైల్వే స్టేషనుకు వెళదాం. రైలు చక్రం ఉక్కు, పట్టా కూడా ఉక్కే. రెండింటి మధ్య ఘర్షణ తక్కువ. అందుచేత రైలు తేలికగా దొర్లిపోతుంది గాని, ఆగడానికి చాలా దూరం కావాలి. స్టేషను బయట తిరిగే సిటీ బస్సుకు రబ్బరు టైర్లున్నాయి. రబ్బరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఎక్కువ కనుక, బ్రేకు వేస్తే బస్సు కొద్ది దూరంలోనే ఆగుతుంది. మీ బూటు సోలు కూడా బస్సు టైరు వంటిదే. కదలాలన్నా, ఆగాలన్నా, పక్కకు తిరగాలన్నా దానికీ నేలకూ మధ్య ఘర్షణే ఆధారం.

ఇప్పుడు రెండు ఆటలను పోల్చి చూడండి. రోడ్డు మీద పరుగెత్తేవాడు వేల అడుగులు వేసినా, అన్నీ ఒకే దిక్కుకు, ముందుకే. చాలామందికి మడమే ముందు నేలను తాకుతుంది. అందుకని పరుగు బూటు మడమ కింద మెత్తని నురుగు పదార్థాన్ని మందంగా పెడతారు. పక్కలు పలచగా, తేలికగా ఉంటాయి.

షటిల్ కోర్టు పొడవు 13.4 మీటర్లు. సింగిల్స్‌లో వెడల్పు 5.18 మీటర్లు. అందులో సగమే ఒక ఆటగాడిది. ఆ చిన్న చోటులో అతడు ముందుకు దూకాలి, వెనక్కు రావాలి, పక్కకు సాగాలి. ప్రతిసారీ ఠక్కున ఆగి దిక్కు మార్చాలి. అందువల్ల షటిల్ బూటు నేలకు దగ్గరగా, చదునుగా ఉంటుంది. పాదం పక్కకు జరగకుండా దాని అంచులను గట్టిగా తయారుచేస్తారు. సోలుకు వాడే మెత్తని గమ్ రబ్బరు నేలలోని సన్నని ఎగుడుదిగుడుల్లోకి ఒదిగి, బాగా పట్టుకుంటుంది.

ఈ తేడా అర్థం కావాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. నిండు అగ్గిపెట్టె ఒకటి, పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి చాలు.

ఒకటి: అగ్గిపెట్టెను బల్ల మీద పడుకోబెట్టి, పై అంచును వేలితో పక్కకు నెట్టండి. అది జారుతుంది.

రెండు: దానిని పుల్ల గీసే అంచు మీద నిలబెట్టి, పై అంచును నెట్టండి. ఈసారి పడిపోతుంది.

మూడు: మళ్లీ అలాగే నిలబెట్టి, అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో మెల్లగా నెట్టండి. బల్ల మీద జారుతుంది. ట్యూబు ముక్క మీద పెట్టి అదే ఎత్తులో నెడితే తలకిందులవుతుంది.

దీనిని బట్టి మీకు ఏం తెలిసింది? బలం పనిచేసే చోటు నేలకు ఎంత ఎత్తున ఉంటే పడదోసే ప్రభావం అంత ఎక్కువ. అడుగు ఇరుకైతే పడిపోవడం మరింత సులభం. నేల గట్టిగా పట్టుకున్నప్పుడు జారవలసిన వస్తువు కూడా తిరగబడుతుంది.

పరుగు బూటు తొడిగి షటిల్ ఆడేవాడి పాదం నిలబెట్టిన అగ్గిపెట్టె వంటిది. మందమైన సోలు మీద అతని మడమ ఎత్తున ఉంటుంది. పక్కకు దూకి ఆగినప్పుడు మెత్తని నురుగు ఒకవైపు అణిగిపోయి, పాదం లోపలికి మడత పడుతుంది. చీలమండ బయటివైపున ఎముకను ఎముకతో కలిపే లిగమెంట్లనే కట్లు సాగుతాయి. ఒక్కొక్కప్పుడు తెగుతాయి కూడా. కాలు బెణకడమంటే ఇదే.

అయితే పట్టు ఎంత ఎక్కువైతే అంత మేలా? అదీ కాదు. పాదం నేలకు అతుక్కుపోయి, శరీరం మాత్రం తిరిగితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలి లోపలి కట్టు తెగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలికి అటువంటి పెద్ద గాయమే అయింది. దానికి బూట్లే కారణమని కాదు. మంచి బూట్లు వేసుకున్నవారికీ ఇటువంటి గాయాలు కావచ్చు. ఆయన శస్త్రచికిత్సలు చేయించుకుని, ఓపికతో సాధన చేసి, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు.

మరి ఒక ఆట బూట్లు ఇంకో ఆటకు అసలే పనికిరావా? పి.వి. సింధు ఇంటినే తీసుకోండి. తండ్రి రమణ వాలీబాల్ క్రీడాకారుడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు. కూతురు సికింద్రాబాదులోని రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ సంస్థ కోర్టుల్లో షటిల్ మొదలుపెట్టి, 2019లో ప్రపంచ విజేత అయ్యారు. ఈ రెండు ఆటల బూట్లు దగ్గరి చుట్టాలు. ఇండోర్ వాలీబాల్ బూటుకూ గమ్ రబ్బరు సోలే ఉంటుంది. పైకెగిరి దిగేటప్పటి దెబ్బను తట్టుకోవడానికి మెత్త కొంచెం ఎక్కువ. కాబట్టి దానితో షటిల్ ఆడవచ్చు.

టెన్నిస్ బూటు పక్క కదలికలకు అనువైనదే. కాని సిమెంటు కోర్టు అరగదీయకుండా దాని సోలును గట్టి రబ్బరుతో చేస్తారు. అది బరువు ఎక్కువ, నున్నని చెక్కనేల మీద పట్టు తక్కువ. మరి షటిల్ బూటుతో రోడ్డు మీద పరుగెడితే? మెత్తని రబ్బరు పెన్సిలు రబ్బరులా అరిగిపోతుంది. మన బాల్ బాడ్మింటన్ పేరులో బాడ్మింటన్ ఉన్నా, దానిని ఎక్కువగా ఆడేది ఆరుబయట మట్టి కోర్టు మీద. ఇండోర్ బూట్లతో అక్కడ దిగితే, సోలు గాళ్లలో మట్టి నిండి పట్టు పోతుంది. ఆ దుమ్ముతోనే హాల్లోకి వస్తే, మీతో పాటు పక్కవారూ జారిపడవచ్చు. అందుకే ఇండోర్ బూట్లను సంచిలో తెచ్చుకుని, హాల్లోనే తొడుక్కోవాలి.

ప్రతి ఆటకూ ఒక జత కొనడం అందరికీ కుదిరే పని కాదు. ఒక్క జతే కొనగలిగితే, మీరు ఎక్కువగా ఆడే ఆటకు తగినది కొనండి. ధర కన్నా సోలును చూడండి. పరుగు బూట్లే ఉన్న రోజున షటిల్ సరదాగా, నిదానంగా ఆడండి; పోటీ ఆట వద్దు. కాలు బెణికితే వెంటనే ఆట ఆపేయాలి. గుడ్డలో చుట్టిన మంచు పెట్టి, కాలు ఎత్తుగా ఉంచాలి. నూనె రాసి లాగకండి, గట్టిగా మర్దన చేయకండి. అడుగు వేయలేకపోతే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు మీ బూట్లు తిరగేసి చూడండి. మడమ వెనుక అంచు అరిగిందా? నడకలో, పరుగులో అలా అరుగుతుంది. ఒక బూటుకు బొటనవేలి లోపలివైపు అరిగిందా? షటిల్‌లో ముందుకు దూకినప్పుడు వెనుక కాలు ఈడ్చడం వల్ల అలా అరుగుతుంది. మీ స్నేహితుల బూట్లు కూడా చూసి, ఎవరు ఏ ఆట ఎక్కువగా ఆడతారో చెప్పగలరేమో ప్రయత్నించండి!