చెట్టు మీద పొంగు, సీసాలో మోసం

నిఖార్సైన కల్లును సీసాలో పోసి బిరడా బిగించి పెడితే ఏమవుతుందో పాలమూరు పల్లెల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. కాసేపటికి బిరడా ఎగిరి ఇంటి దూలానికి తగులుతుంది. బిరడా కదలకుంటే సీసానే పగులుతుంది. అందుకే గౌండ్లవారు కల్లు సీసా మూతిని ఏ ఆకు చుట్టతోనో వదులుగా మూస్తారు తప్ప గట్టిగా బిగించరు.

ఆ పొంగు ఎవరో పోసిన సోడా వల్ల వచ్చింది కాదు. తాటి నుంచి గానీ, ఈత నుంచి గానీ బొట్టు బొట్టుగా దిగే రసంలో లీటరుకు 100 గ్రాములకు కొంచెం అటూ ఇటూగా చక్కెర ఉంటుంది. గాలిలోనూ, నిన్నటి లొట్టి గోడలకూ అంటుకొని ఉండే కంటికి కానరాని ఈస్టు జీవులు రసం లొట్టిలో పడీ పడకముందే ఆ చక్కెర మీద పడతాయి. వాటి పని వల్ల చక్కెరలో దాదాపు సగం మత్తునిచ్చే ఆల్కహాలు అవుతుంది. మిగతా సగం బొగ్గుపులుసు వాయువై పైకి లేస్తుంది. 100 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే పుట్టే వాయువు పాతిక లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. లీటరు కల్లులోంచి పాతిక లీటర్ల గాలి పుడుతుంటే బిరడా ఎగరక ఏం చేస్తుంది? పులియడం వెనుక ఉన్నది ఈ సూక్ష్మజీవులేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1850, 60 దశకాల్లో రుజువు చేశాడు. పేరు తెలియకపోయినా పని తెలిసిన గీత కార్మికుడు మాత్రం అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఆ జీవుల చేత పని చేయించుకుంటున్నాడు.

ఆ ఫ్రాన్సు దేశంలోనే షాంపేన్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ ద్రాక్షసారాను సీసాలో పోసి, కాస్త చక్కెర, ఈస్టు చేర్చి బిగిస్తారు. అది సీసాలోనే మరోసారి పులుస్తుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి ఐదారు రెట్లుంటుంది కాబట్టి సీసా మందంగా చేస్తారు, బిరడాకు ఇనుప తీగ చుడతారు, కనీసం 15 నెలలు నేలమాళిగలో ఉంచుతారు. పెళ్ళిళ్ళలోనూ పందేల్లోనూ పెద్ద చప్పుడుతో తెరిచే నురగ సారా అదే. పెద్ద కంపెనీల మధ్య అక్కడ చిన్న రైతులూ ఉన్నారు. సొంత తోటలో పండిన ద్రాక్షనే తాము సీసాకెత్తి సొంత పేరుతో అమ్ముకుంటారు. రసాయనాలు చల్లకుండా పండించామంటే ధర మరింత పలుకుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పొలం గట్టున నిలిచిన తాడుకు ఎవరూ మందు కొట్టలేదు, ఎరువు వేయలేదు. దాని పొంగుకు చక్కెర చేర్చనక్కరలేదు. ఈ లెక్కన చూస్తే చెట్టు కల్లును మించిన సహజమైన నురగ పానీయం వేరొకటి దొరకదు. తేడా అంతా పేరు దగ్గర వచ్చింది. షాంపేన్ ప్రాంతంలో పండిన ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేసినదానికి తప్ప వేరే సారాకు ఆ పేరు పెడితే ఆ దేశంలో చట్టం ఊరుకోదు. మన దగ్గర మాత్రం సీసాలో తెల్లగా ఏమున్నా కల్లే. చెట్టు నుంచి తీసిన రసమే కల్లు అని 1968 నాటి ఎక్సైజు చట్టం చెబుతున్నది. చెట్టు మొహం చూడని ద్రవం ఆ పేరు మీదే అమ్ముడుపోతున్నది.

గీత పని

తాడు ఎక్కడం చూసేవారికి వేడుక. ఎక్కేవాడికి ప్రాణంతో చెలగాటం. నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు, కాళ్ళకు గుజి, పక్కన కత్తి, లొట్టి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాలి. గెల పొడుచుకు రాగానే కోసేస్తే కల్లు రాదు. దాన్ని రోజుల తరబడి నొక్కి, నలిపి, కట్టి మెత్తబరచాలి. తర్వాత కొసను కాగితమంత పలచగా గీయాలి. పలచన తప్పితే గెల త్వరగా అయిపోతుంది; గీత తప్పితే ధార ఆగిపోతుంది. పోతుతాడుకు ఒక విధం, కాయ కాసే తాడుకు మరొక విధం. ఇది పుస్తకంలో చదివి నేర్చుకునే విద్య కాదు, తండ్రి కింద నిలబడి చెబుతుంటే కొడుకు పైన నేర్చుకోవాలి.

ఈతది వేరే పద్ధతి. గెలను కాకుండా మొవ్వు కింద మానునే ఒక వైపు చెక్కి గీస్తారు. కొన్నాళ్ళు గీసి కొన్నాళ్ళు ఆరబెడతారు. ఈ ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు ఎదుటి పక్క. అందుకే పాత ఈతచెట్టు మాను వంకర టింకరగా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కబెడితే చెట్టు ఎన్నేళ్ళు కల్లునిచ్చిందో తెలిసిపోతుంది. చెట్టును చంపకుండా తరతరాలు పాలు పితికినట్టు పితికే ఈ ఒడుపు లేకపోతే ఒక్క ఏటితోనే ఈత ఎండిపోతుంది.

జారి పడితే నడుమైనా విరుగుతుంది, ప్రాణమైనా పోతుంది. అందుకే ఎక్కేముందు కాటమయ్యను తలుచుకుంటారు. ఆయన పేరు మీదే 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. పట్టు తప్పినా కిందికి పడకుండా ఆపేందుకు తయారు చేసిన తాళ్ళు, పట్టీలు అందులో ఉంటాయి.

ఒక రోజు సరుకు

పొద్దున దించిన కల్లు తీపి. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. సాయంత్రానికి పులుపు. మర్నాటికి పులుసులో పోసుకోవడానికి తప్ప పనికిరాదు. ఈ గుణం వల్లనే కల్లు తరతరాలుగా ఊరి సరుకుగా మిగిలింది. గీసినవాడు, తాగేవాడు ఒకరికొకరు తెలిసినవారు. చెట్టు కింద రేక పట్టి తాగిన కల్లు బాగా లేదంటే మర్నాడు ఆ గౌండ్లాయన ముఖం మీదే అడిగేవారు. ఎల్లమ్మకు, పోచమ్మకు సాక పోయాలన్నా ఆ కల్లే.

దీన్ని వ్యాపారంగా మార్చాలనుకున్నవారికి అడ్డు కూడా ఈ గుణమే. చెట్టు ఏడాది పొడుగునా ఒకే తీరుగా పారదు. అది నిలవ ఉండదు, దూరం పోదు. నిజాం కాలంలో ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారం. చెట్టు గుత్తేదారు చేతిలో, కత్తి కూలివాడి చేతిలో ఉండేవి. గీసేవాడికే చెట్టు దక్కాలని నల్లగొండ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం వంటివారు గీత పనివారిని కూడగట్టి పోరాడారు. సొసైటీలు వచ్చాయి, గీసేవాడి పేరు మీదే చెట్టు రాసే విధానమూ వచ్చింది. కాగితం మీద గుత్తేదారు పోయాడు, వ్యాపారం పోలేదు.

1993లో సార నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు కల్లుకు మాత్రం మినహాయింపు దొరికింది. దుకాణాల్లో రద్దీ పెరగడం సహజం. చెట్ల సంఖ్య పెరగలేదు. గట్లు ట్రాక్టర్లతో చదునవుతున్నకొద్దీ, ఎత్తిపోతల నీళ్ళు వచ్చి వరి మళ్ళు విస్తరించినకొద్దీ తాళ్ళు, ఈతలు నేలకొరిగాయి. ఎక్సైజు శాఖ అనుమతి లేకుండా వీటిని కొట్టరాదన్న నియమం ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు. చెట్లు తగ్గి సీసాలు పెరిగితే ఆ మధ్య వెలితిని ఏది నింపుతున్నది?

నీళ్ళు, తీపికి సాక్రిన్, పేరుకు కాస్త కల్లు, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలాం. మూడూ నిద్రకూ, మనసు కుదుటపడడానికీ వైద్యులు లెక్కగా వాడే మందులు. కల్తీలో లెక్క లేదు, ఒక్కో సీసాలో ఒక్కో మోతాదు. రోజూ తాగేవాడి ఒంటికి కొద్ది నాళ్ళలోనే అది అలవాటు పడుతుంది. ఒక్క పూట అందకపోతే చేతులు వణకడం, మెడ కొంకర్లు పోవడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చి మాటలు, ఫిట్సు. పొద్దంతా కూలి చేసి ఒళ్ళు నొప్పులకని సీసా తాగిన ఆడా మగా దీనికి బలి అవుతున్నారు. వారు చెట్టు కల్లుకు బానిసలైనవారు కారు, మాత్రలకు బానిసలైనవారు. ఈ తేడా తెలియకనే ఊరంతా గౌండ్లాయనను తిడుతున్నది.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద ఒక్కసారిగా దాడులు చేసినప్పుడు ఈ నిజం వీధిన పడింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ తదితర జిల్లాల్లో వందల మంది వింత చేష్టలతో ఆసుపత్రులకు చేరారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు.  పదేళ్ళ తర్వాత, 2025 జూలైలో, హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అక్కడ బయటపడినదీ అల్ప్రాజోలామే.

నాలుకకు తెలిసేది

పొద్దున ఎట్లున్నదో రాత్రికీ అట్లే తియ్యగా ఉన్న సీసాను నమ్మరాదు. నిజమైన కల్లు గడియకొక రుచి మారుతుంది. అడుగున తెల్లటి మడ్డి పేరుతుంది. అప్పుడే దించిన లొట్టిలో తేనెటీగలో, చీమలో తేలుతుంటాయి. చాలామంది చూసి అసహ్యించుకుంటారు గానీ అది మంచి గుర్తే. అయినా ఇవన్నీ అనుమానానికి పనికొచ్చే గుర్తులే. మత్తుమందు ఉన్నదీ లేనిదీ ప్రయోగశాల పరీక్షే తేల్చాలి. కల్తీకి అలవాటుపడినవారు పంతానికి పోయి ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ఏం తాగుతున్నదీ, ఎన్నేళ్ళుగా తాగుతున్నదీ సిగ్గుపడకుండా చెబితే వైద్యులు మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తారు. ఇక చెట్టు కల్లు అయితే అమృతమని ఎవరైనా అంటే అదీ అబద్ధమే. అందులోనూ మత్తు ఉన్నది, మితం తప్పితే కాలేయానికి చేటే.

మత్తు వద్దనుకునేవారికి నీరా ఉన్నది. లొట్టి లోపల సున్నం పూసినా, దించిన వెంటనే మంచులో పెట్టినా ఈస్టు పని ఆగుతుంది. రసం పులియకుండా తియ్యగా నిలుస్తుంది. 2023 మే 3న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. పట్నంలో గ్లాసు అమ్మడం సులువే. నడిగడ్డలో ఎండాకాలం చెట్టు కిందికి మంచుపెట్టె చేర్చడమే కష్టం. పల్లెకు చల్లదనం అందనంత కాలం నీరా పట్నపు ముచ్చటగానే ఉంటుంది.

అసలు కొరత చెట్లది. గీత సొసైటీలకు ఐదెకరాల వరకు భూమి చూపాలని 560 నంబరు జీవో చెబుతున్నది. 2015లో మొదలైన హరితహారంలో ఈత, తాటి మొక్కలు కూడా నాటించారు. నాటినవాటిలో బతికిన ఈతలు ఇప్పటికి గీతకు వచ్చే ఈడులో ఉండాలి. వాటిని లెక్కబెట్టి, ఏ ఊళ్ళో ఎన్ని మిగిలాయో గ్రామసభలో చదివితే దుకాణంలో అమ్మే సీసాలతో సరిపోల్చుకోవడం ఊరివారికి కష్టం కాదు. ఆ లెక్క అడగడానికి గౌండ్లవారికంటే ముందు తాగేవారే లేవాలి.

తాటికి మాత్రం ఓపిక కావాలి. శ్రావణ భాద్రపదాల్లో రాలిన పండ్ల టెంకలకు ఖర్చు లేదు. చెరువు కట్ట మీద పాతితే చాలు. గేగుల కోసం పిల్లలు తవ్వుకోగా మిగిలినవి మొలుస్తాయి. గెల వేయడానికి పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది. అది పోతుతాడో, కాయ కాసే తాడో అప్పటిదాకా పాతినవాడికి కూడా తెలియదు.