64 బైట్ల ఒప్పందం

విండోస్ ఉన్న కంప్యూటర్‌లోనే లినక్స్‌ను కూడా పెట్టుకోవాలనుకున్నవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే బయాస్ తెరలో పేరుతో సహా చక్కగా కనిపించిన హార్డ్ డిస్క్, ఇన్‌స్టాలర్ మొదలయ్యేసరికి జాబితాలోంచి మాయమవుతుంది, లేదా ఫైళ్లతో నిండిన డిస్క్ మొత్తం ఖాళీ స్థలంగా కనిపిస్తుంది. డిస్క్ చెడిపోయిందని అప్పుడు అనిపించడం సహజమే గాని, చాలా సందర్భాలలో డిస్క్ నిక్షేపంగానే ఉంటుంది. దాని మీద రాసి ఉన్న భాగపత్రాన్ని, అనగా పార్టిషన్ పట్టికను, ఒక ప్రోగ్రామ్ ఒక విధంగానూ మరొకటి మరొక విధంగానూ చదవడం ఇబ్బందికి ఒక ముఖ్య మూలం. ఆ పట్టిక పుట్టుక తెలిస్తే ఇబ్బంది సగం విడిపోతుంది.

1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ కోసం డాస్ 2.0 ఈ పట్టికను ప్రవేశపెట్టింది. డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టారు, అనగా ఒక్కసారిగా చదవగల కనీస ముక్క, 512 బైట్లు ఉంటుంది. అందులో మొదటి 446 బైట్లు కంప్యూటర్‌ను నడకకు తెచ్చే చిన్న ప్రోగ్రామ్‌కూ, తరువాతి 64 బైట్లు పార్టిషన్ పట్టికకూ, చివరి రెండు బైట్లు గుర్తుకూ కేటాయించారు. ఈ మొత్తానికి మాస్టర్ బూట్ రికార్డ్, క్లుప్తంగా ఎంబీఆర్ అని పేరు. బయాస్ ఈ సెక్టారును మెమరీలోకి తెచ్చుకొని, చివర ఉన్న గుర్తు సరిపోతే, అధికారాన్ని ఆ 446 బైట్ల ప్రోగ్రామ్‌కు అప్పగించి తప్పుకుంటుంది.

పట్టికలో నాలుగే పద్దులు, ఒక్కొక్కటి 16 బైట్లు. మొదటి బైటు ఈ పార్టిషన్ నుంచి బూట్ కావాలో లేదో చెబుతుంది. తరువాతి మూడు బైట్లు పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో సిలిండర్, హెడ్, సెక్టార్ లెక్కలో తెలుపుతాయి. అయిదో బైటు పార్టిషన్ రకాన్ని సూచించే సంఖ్య. ఆ పైన ముగింపుకు మూడు, మొదటి సెక్టారు సంఖ్యకు నాలుగు, మొత్తం సెక్టార్ల లెక్కకు నాలుగు బైట్లు. వీటన్నిటిలోకీ అందమైన ఆలోచన అయిదో బైటుది. హెక్సాడెసిమల్‌లో 07 అని ఉంటే విండోస్ దాన్ని తనదిగా తీసుకుంటుంది, 83 అని ఉంటే అది లినక్స్‌ది. తనకు తెలియని సంఖ్య కనిపించినప్పుడు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఆ భాగం జోలికి పోకూడదన్నది మర్యాద. పొలాల మధ్య హద్దురాయి చేసే పనిని ఇక్కడ ఒకే ఒక్క బైటు చేసింది కనుకనే, పోటీ పడే సంస్థల ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకే డిస్క్ మీద దశాబ్దాలపాటు పక్కపక్కనే బతకగలిగాయి.

అయితే పట్టికకు హద్దులున్నాయి గాని, దాని ముందున్న 446 బైట్లకు లేవు. అక్కడ ఒక్కరికే చోటు. విండోస్‌ను తరువాత ఇన్‌స్టాల్ చేస్తే అది తన ప్రోగ్రామ్‌ను అక్కడ రాసేసేది, దానితో లినక్స్ పార్టిషన్ ఒక్క బైటు కూడా చెదరకపోయినా బూట్ అయ్యే దారి మూసుకుపోయేది. ముందు విండోస్, తరువాత లినక్స్ అన్న ఆనవాయితీ ఇందువల్లనే ఏర్పడింది. లినక్స్ పక్షాన ఈ చోటును ఆక్రమించే గ్రబ్ అనే బూట్ లోడర్‌కు మరో సమస్య వచ్చింది. ఫైల్ సిస్టమ్‌లను చదివి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో అడిగే ప్రోగ్రామ్ 446 బైట్లలో ఇమడదు. మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టారు నుంచి మొదలుపెట్టే పాత అలవాటు వల్ల మధ్యలో 62 సెక్టార్లు, అంటే 31 కిలోబైట్లు, ఎవరికీ చెందకుండా మిగిలేవి. గ్రబ్ తన అసలు శరీరాన్ని అక్కడ దాచుకొని, దాని చిరునామాను మాత్రం మొదటి సెక్టారులో ఉంచింది. లైసెన్సు గుర్తులు దాచుకునే కొన్ని విండోస్ ప్రోగ్రామ్‌లు కూడా అదే చోటులో రాయడం మొదలుపెట్టడంతో, పాడైన బైట్లను తిరిగి లెక్కగట్టగల రీడ్-సాలమన్ సంకేతాలను గ్రబ్‌లో చేర్చవలసి వచ్చింది.

నాలుగు బైట్ల సెక్టారు లెక్కతో, 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో సుమారు 2.2 టెరాబైట్లను దాటి పోలేము. బయాస్ స్థానంలో ఇంటెల్ రూపొందించిన ఈఎఫ్ఐతో వచ్చిన జీపీటీ పట్టిక లెక్కను ఎనిమిది బైట్లకు పెంచి, సాధారణంగా 128 పద్దులకు చోటిచ్చి, తన నకలును డిస్క్ చివర ఉంచింది. పాత పనిముట్లు జీపీటీ డిస్క్‌ను ఖాళీ అనుకోకుండా మొదటి సెక్టారులో ఈఈ అనే రకం సంఖ్యతో ఒక ఉత్తుత్తి పార్టిషన్‌ను కూడా పెట్టింది. హద్దురాయి మర్యాదనే తన రక్షణకు వాడుకున్న ఈ ఉపాయం మెచ్చదగినది. బూట్ ఫైళ్లకు కూడా ఉమ్మడి పార్టిషన్‌లో ఎవరి ఫోల్డర్ వారికి రావడంతో 446 బైట్ల పోరు ముగిసింది.

నేటి ఇబ్బందులకు మూలాలు మూడు. జీపీటీ డిస్క్‌ను పాత పనిముట్టుతో ఎంబీఆర్‌గా మార్చినప్పుడు జీపీటీ అవశేషాలు మిగిలిపోతే, విండోస్ మామూలుగా నడుస్తున్నా లినక్స్ ఇన్‌స్టాలర్ పార్టిషన్‌లను చూడలేకపోవచ్చు. ఫిక్స్‌పార్ట్స్ అనే పనిముట్టు ఆ అవశేషాలను తుడిచివేస్తుంది. ఎంబీఆర్ డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేయనని విండోస్ మొండికేస్తే, ఇన్‌స్టాలర్ ఉన్న యూఎస్‌బీ, ఈఎఫ్ఐ తరువాతి రూపమైన యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయిందని అర్థం. డిస్క్ తుడవడానికి ముందు అందులోని పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఏ పద్ధతిలో ఉందో చూసి, రెండూ ఒకే పద్ధతిలో ఉండేలా యూఎస్‌బీని బూట్ చేయాలి. డిస్క్ పేరే జాబితాలో లేకపోతే తప్పు పట్టికది కాదు, కంట్రోలర్‌ది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ పద్ధతిలో ఉన్న ఎన్‌వీఎంఈ డిస్క్ లినక్స్‌కు కనిపించకపోవచ్చు, ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి వచ్చిన వీఎండీ అనే కంట్రోలర్ పద్ధతి ఉన్న ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఇన్‌స్టాలర్‌కే డ్రైవర్‌ను యూఎస్‌బీలో విడిగా అందించవలసి రావచ్చు. బయాస్‌లో కంట్రోలర్‌ను ఏహెచ్‌సీఐ అనే సాధారణ పద్ధతికి మారిస్తే లినక్స్‌కు దారి తెరుచుకుంటుంది గాని, అప్పటికే ఉన్న విండోస్ బూట్ కాక నిలిచిపోవచ్చు కాబట్టి, ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా అమర్చి, ఆ తరువాతే బయాస్‌లో మార్పు చేయాలి. డిస్క్‌ను గుప్తీకరించే బిట్‌లాకర్ ఉన్న యంత్రమైతే ఇవేవీ ముట్టుకోకముందే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే బయాస్ మారిన తరువాతి బూట్‌లో విండోస్ దాన్ని అడగవచ్చు, అది లేనివారికి ఆ డిస్క్‌లోని ఫైళ్లు తెరుచుకోవు.