బీట్ కట్టడానికి ఎంత పెట్టాలి?

డిగ్రీ చివరి ఏడాది. పగలంతా ఆప్టిట్యూడ్ లెక్కలు, రాత్రయితే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బీట్లు. ఇది మీ సంగతే అయితే, కాలిక్యులేటర్‌లా ఉండే ఓ బూడిదరంగు పెట్టె ఈపాటికే మీ రీల్స్‌లో చాలాసార్లు కనిపించి ఉంటుంది. స్వీడన్ కంపెనీ టీనేజ్ ఇంజినీరింగ్ 2023 నవంబరులో తెచ్చిన ఈపీ-133 కేఓ2 అది. విడుదలప్పుడు ధర 299 డాలర్లు. డాలరును 85 రూపాయలుగా లెక్కేసినా 25 వేలు దాటుతుంది. దానిపై దిగుమతి సుంకం, జీఎస్టీ, రవాణా అదనం. అయినా శాంప్లర్ల లోకంలో దాన్ని ‘చవక’ అనే అంటారు. ఎందుకంటే రోలాండ్ ఎస్పీ-404 ఎంకే2 సుమారు 500 డాలర్లకు, అకాయ్ ఎంపీసీ వన్ 700 డాలర్లకు మార్కెట్లోకి వచ్చాయి. బ్యాటరీ, స్పీకర్లు ఉన్న ఎంపీసీ లైవ్2 అయితే వెయ్యి డాలర్ల పైమాటే.

ఇంతకీ శాంప్లర్ ఏం చేస్తుంది? ఏదో ఒక శబ్దాన్ని పట్టుకుని, కోసి, ప్యాడ్ల మీద పరిచి, మీరు వేలితో కొట్టినప్పుడల్లా వినిపిస్తుంది. డప్పు మీద ఒక్క దెబ్బ కావచ్చు, బస్టాండులో కండక్టర్ కేక కావచ్చు, మూకుడులో పోపు చిటపట కావచ్చు. హిప్‌హాప్ సగం ఈ పద్ధతి మీదే నిలబడింది. 1988లో రోజర్ లిన్ రూపకల్పనలో అకాయ్ తెచ్చిన ఎంపీసీ60లో మామూలుగా పట్టేది 13 సెకన్ల శబ్దమే. అంతలోనే జనం అద్భుతాలు చేశారు. జె డిల్లా వాడిన ఎంపీసీ3000 ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కాబట్టి ‘మెమరీ తక్కువ’ అన్న మాట విని వెంటనే బెంగపడకండి.

చవకలో ఏం దక్కుతుంది?

ఈపీ-133లో చిన్న మైకు, చిన్న స్పీకరు లోపలే ఉన్నాయి. నాలుగు ట్రిపుల్-ఏ బ్యాటరీలు వేస్తే చాలు, బ్యాగులో పడేసుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు. యూఎస్‌బీ-సి తీగ పెట్టినా నడుస్తుంది. శబ్దాల కోసం 999 స్లాట్లు, నాలుగు గ్రూపులు, ఒక్కో గ్రూపుకు 12 మీటలు. వినడానికి బాగానే ఉంది కదా! మొదట వచ్చిన వాటిలో మెమరీ 64 ఎంబీ, తర్వాత 128 ఎంబీ చేశారు. 16 బిట్, దాదాపు 46.9 కిలోహెర్ట్జ్ చొప్పున మోనోలో లెక్కేస్తే 64 ఎంబీలో పట్టేది 11, 12 నిమిషాలు. స్టీరియో అయితే అందులో సగం. కంపెనీ ముందే నింపి ఇచ్చే శబ్దాలు కూడా ఇందులోనే చోటు తింటాయి. డ్రమ్స్, చిన్న చిన్న ముక్కలకు ఇది ధారాళం. మొత్తం పాటలు ఎక్కించి కోద్దామనుకుంటే మాత్రం చాలదు.

ఎస్పీ-404 ఎంకే2లో లోపలి నిల్వ 16 జీబీ. ఒక్కో ప్రాజెక్టుకు 160 శాంపిళ్లు, ఒకేసారి 32 స్వరాల దాకా పలుకుతాయి. దీని అసలు బలం ఎఫెక్ట్స్. పాత రికార్డులా గరగరలాడించడం, టేపులా సాగదీయడం లాంటివి స్టేజీ మీద నిలబడి అప్పటికప్పుడు చేయొచ్చు. ‘స్కిప్ బ్యాక్’ అని ఇంకో సదుపాయం ఉంది. మీరు రికార్డు మీట నొక్కడం మరిచినా, కాసేపటి క్రితం వాయించింది వెనక్కి వెళ్లి పట్టుకుంటుంది. ఈ ఒక్కదాని కోసమే కొనేవాళ్లున్నారంటే నేను నమ్ముతాను. కానీ లోపల మైకూ లేదు, స్పీకరూ లేదు. ఆరు ఏఏ బ్యాటరీలు కావాలి. బరువు కిలో పైనే.

ఎంపీసీ వన్ సంగతి వేరు. 7 అంగుళాల టచ్ స్క్రీన్, 2 జీబీ ర్యామ్, వేళ్లకు హాయిగా తగిలే 16 ప్యాడ్లు. దాదాపు కంప్యూటరే. కాకపోతే బ్యాటరీ లేదు, ప్లగ్గు వెతుక్కోవాలి. హాస్టల్లో కరెంటు పోతే పనీ ఆగుతుంది.

బ్రోచర్లలో కనపడని తేడా

ఉద్యోగం కోణంలో చూస్తే మెమరీ కన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. చేసిన పని పెట్టెలోంచి బయటికి ఎలా వస్తుంది?

మీరు ఓ షార్ట్‌ఫిలిం దర్శకుడికో, సంగీత దర్శకుడి దగ్గరున్న ప్రోగ్రామర్‌కో బీట్ పంపారనుకోండి. నచ్చితే వెంటనే అడిగేది ‘స్టెమ్స్ ఇవ్వు’ అని. అంటే కిక్ వేరు, స్నేర్ వేరు, బేస్ వేరుగా, అన్నీ ఒకే చోట మొదలయ్యే ఫైళ్లు. సినిమా, వీడియో పనుల్లో 48 కిలోహెర్ట్జ్ ఆనవాయితీ. ఎంపీసీలో ట్రాకులను విడివిడిగా ఫైళ్లుగా దింపుకోవచ్చు. ఎస్పీ-404 ఎంకే2ని యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే ఆడియో నేరుగా వెళ్తుంది, మధ్యలో వేరే పరికరం అక్కర్లేదు. ఈపీ-133లో యూఎస్‌బీ ద్వారా ఆడియో పోదు. మిడీ, శాంపిళ్ల బదిలీ వరకే. ఉన్నది ఒక్క స్టీరియో అవుట్‌పుట్, అదీ హెడ్‌ఫోన్ సైజు పిన్ను. స్టెమ్స్ కావాలంటే మిగతా గ్రూపులను మ్యూట్ చేసి, ఒక్కోదాన్ని విడిగా ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకోవాలి. అందుకు ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే మేలు. అదింకో ఖర్చు. అప్పుడు ‘చవక’కూ ‘ఖరీదు’కూ మధ్య దూరం మీరనుకున్నంత ఉండదు.

అందుకే నా సలహా కాస్త కటువుగా ఉండొచ్చు. మీ దగ్గర మామూలు ల్యాప్‌టాప్, ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటే మొదటి మూడు నెలలు ఏ పెట్టే కొనొద్దు. కోలా శాంప్లర్ అనే యాప్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఫోను మైకుతో పట్టడం, కోయడం, వాయించడం అన్నీ అందులో నేర్చుకోవచ్చు. కత్తిరింపులకు ఆడాసిటీ, ట్రాకులు కలపడానికి బ్యాండ్‌ల్యాబ్ ఉచితం. వారానికో బీట్ చొప్పున డజను పూర్తిచేశాక కూడా ‘వేళ్లకు మీటలు కావాలి’ అని మనసు లాగితే, అప్పుడు కొనండి. ఇంట్లోవాళ్లను డబ్బు అడిగేటప్పుడు చూపించడానికి ఆ డజను బీట్లూ ఉంటాయి. ఒకమాట గుర్తుంచుకోండి. ఏ పెట్టె మీద చేశారని ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు. పాట వింటారు, చెప్పిన గడువుకు ఇచ్చారా అని చూస్తారు.

వేదిక మీద లైవ్‌గా వాయించాలన్నదే మీ ఉద్దేశమైతే లెక్క మారుతుంది. అప్పుడు ఎఫెక్ట్స్ కోసం ఎస్పీ-404 ఎంకే2 వైపు మొగ్గుతాను. ఊళ్లు తిరిగి శబ్దాలు ఏరుకునేవారికి ఈపీ-133 చాలు, ఆ చిన్న మైకు నాణ్యత మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి.

ఏడు సెకన్లు వాడుకోవచ్చా?

‘పాత సినిమా పాటలోంచి ఏడు సెకన్ల లోపు తీసుకుంటే ఏం కాదు’ అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. సౌండ్ రికార్డింగ్‌కు విడుదల తర్వాత 60 ఏళ్ల పాటు హక్కులుంటాయి. పైగా పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కులు వేరు. యూట్యూబ్‌లో పెడితే కంటెంట్ ఐడీ పట్టేస్తుంది, ఆదాయం అవతలివాళ్లకు పోవచ్చు. అంతకంటే నష్టం, మీ పోర్ట్‌ఫోలియోలోని మంచి బీట్‌ను ఏ క్లయింటూ కొనలేకపోవడం.

జానపదం అయితే ఫర్వాలేదనుకోకండి. బాణీ అందరిదీ కావచ్చు, కానీ మీరు రికార్డు చేసిన డప్పు కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు చట్టమే ఇచ్చింది. ఆయనకు ఎంత ఇస్తున్నారో, ఎందుకు వాడతారో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ ఫొటో మీ ఫోల్డర్‌లో శాంపిల్ పక్కనే ఉంచండి.

ఇక సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు: ఈపీ-133 అయితే అది 64 ఎంబీదా, 128 ఎంబీదా అని ముందే అడగండి. ప్రతి మీటా నొక్కి, పక్కనున్న ఫేడర్‌ను పైకీ కిందికీ జరిపి, హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవుల్లోనూ వినిపిస్తోందో లేదో చూడండి. విదేశం నుంచి తెలిసినవాళ్లతో తెప్పిస్తే ధర తగ్గొచ్చు గానీ, వారంటీ ఇక్కడ చెల్లుతుందా లేదా డబ్బు కట్టకముందే కనుక్కోండి.