కంట్లో సున్నం పడితే.. పోయిన చూపు తిరిగొస్తుందా?

పాన్‌దాన్‌లో సున్నం, బాత్రూం కడిగే యాసిడ్.. మన ఇళ్లలో ఇవి మామూలే. పిల్లలు సున్నం ప్యాకెట్‌ను గట్టిగా నొక్కితే చాలు, పగిలి నేరుగా కంట్లో పడుతుంది. సున్నం పైపైన కాల్చి ఆగదు, లోపలి పొరల్లోకి దిగుతూ పోతుంది.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది. అదే కార్నియా. దాని పైకణాలు రాలిపోతూ, కొత్తవి వస్తుంటాయి. వాటిని పుట్టించే మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. ఆ అంచు కాలిపోతే కొత్త కణాలు రావు. తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకి చూపు మసకబారుతుంది. అప్పుడు దానంగా వచ్చిన కార్నియా వేసినా చాలాసార్లు నిలవదు. ఊట ఎండిన పొలంలో కొత్త నారు వేసినట్టే.

దీనికి మన హైదరాబాద్‌లోనే ఓ దారి దొరికింది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేంద్ర సాంగ్వాన్ బృందం 'స్లెట్' అనే ఆపరేషన్‌ను రూపొందించి 2012లో ప్రకటించింది. అంతకుముందు మూలకణాలను ల్యాబ్‌లో పెంచి వేసేవారు. దానికి ఖర్చెక్కువ. స్లెట్‌లో బాగున్న కంటి అంచు నుంచి దాదాపు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, 8 నుంచి 10 చిన్న ముక్కలు చేస్తారు. పాడైన కంటిపై పాకిన పొరను తీసేసి, కాన్పు తర్వాత సేకరించిన ఉమ్మనీటి సంచి పొరను పరుస్తారు. దానిపై ఈ ముక్కలను ప్రత్యేకమైన జిగురుతో అతికిస్తారు. కణాలు అక్కడే పెరిగి కార్నియాను కప్పుతాయి. సొంత కణాలే కాబట్టి శరీరం తిరస్కరించదు.

అయితే అందరికీ ఫలిస్తుందని కాదు. 2016లో వెలువడిన ఫలితాల్లో, ఒక కన్ను కాలిన 125 మందిలో 95 మందికి ఇది విజయవంతమైంది. రెండు కళ్లూ పాడైతే దగ్గరి బంధువుల కణాలో, దాతల కణాలో కావాలి. శరీరం వాటిని తిరస్కరించకుండా మందులూ వాడాలి.

అందుకే మొదటి నిమిషాలే ముఖ్యం. సున్నం పడిన వెంటనే రెప్పలు తెరిచి పట్టుకొని, శుభ్రమైన నీళ్లను కనీసం 20 నిమిషాలు ధారగా పోయండి. కన్ను నలపనివ్వొద్దు. పాలు, నూనె, తేనె, సుర్మా ఏదీ వేయొద్దు. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

దాదీ పాన్‌దాన్ ఈరోజే పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.