ఒక్క గదికి ఏసీ కొంటున్నారా? ముందు గదిని చూడండి

ఎండాకాలం వస్తోందంటే మన ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది. "ఈ ఏడాదైనా ఒక ఏసీ పెట్టించుకుందామండీ" అని. ఫాల్గుణంలో మొదలైన ఆ మాట అలా అలా నాని, రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఇక తట్టుకోలేక ఓ సాయంత్రం హడావిడిగా షాపుకి పరిగెత్తడంతో ముగుస్తుంది. మేమూ సరిగ్గా అలాగే కొన్నాం. అందులో మేం చేసిన పొరపాట్లేమిటో, ఆ తర్వాత మా చెల్లెలు తన టైలరింగ్ షాపుకి కొన్నప్పుడు అవి ఎలా తప్పించుకున్నామో చెబుదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది విజయవాడ. 2016 మే నెలలో మా అత్తగారి కోసం ఆవిడ గదికి స్ప్లిట్ ఏసీ కొన్నాం. షాపతను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "రూమ్ సైజెంతమ్మా?" పది బై పన్నెండు అన్నాను. "ఒక టన్ను చాలు మేడమ్, ఐస్ అయిపోద్ది" అన్నాడు. ఆ గది పై అంతస్తులో ఉందని, పైన నేరుగా డాబాయేనని, పడమటి గోడకి మధ్యాహ్నం రెండు నుంచి ఎండ కొడుతుందని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాలని నాకేం తెలుసు? బిగించడానికి వచ్చినతను బయటి యూనిట్‌ని బాత్‌రూముల పైపులు దిగే ఇరుకు సందులో, మూడు వైపులా గోడల మధ్య పెట్టి వెళ్లిపోయాడు. పైపు తక్కువ పడుతుంది, మీకే డబ్బు మిగులు అన్నాడు. నేను సంతోషించాను కూడా.

మధ్యాహ్నం మూడింటికి ఏసీ ఆగకుండా తిరుగుతూనే ఉండేది, గది మాత్రం చల్లబడేది కాదు. అత్తయ్యకి అప్పటికే డెబ్బై రెండేళ్లు. "ఏసీ వేశారుగా, బానే ఉందిలే" అని తలుపు వేసుకుని పడుకునేవారు. ఫ్యాను కూడా కట్టేసుకునేవారు, ఏసీ ఉంటే ఫ్యాను ఎందుకని. నాలుగో రోజు సాయంత్రం టీ ఇవ్వడానికి వెళ్తే ఆవిడ మాట తడబడుతోంది, ఒళ్లు కాలిపోతోంది. వడదెబ్బ. రెండు రోజులు సెలైన్లు ఎక్కించాల్సొచ్చింది. ఏసీ ఉన్న ఇంట్లో వడదెబ్బ ఏమిటని చుట్టాలందరూ అడిగారు. ఏం చెప్పను?

అసలు ఈ ఏసీ ఏం చేస్తుందో మొదట తెలుసుకోవాలండీ. అది చల్లదనాన్ని తయారు చెయ్యదు. నూతిలో నీళ్లు చేదతో తోడి బయట పోసినట్టు, గదిలో ఉన్న వేడిని తోడి బయట పోస్తుంది. లోపలి పెట్టెలో ఉండే సన్నని రాగి గొట్టాల్లో గ్యాసు ఆ వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలోని కంప్రెసర్ ఆ గ్యాసుని నొక్కి, ఫ్యానుతో వేడిని వీధిలోకి ఊదేస్తుంది. సినిమా హాళ్లలో, పెద్ద షాపుల్లో ఒకచోట చల్లబరిచిన గాలిని సీలింగులో ఉన్న పెద్ద రేకు గొట్టాల్లోంచి అన్ని చోట్లకీ పంపుతారు. మనకా గొట్టాల గొడవ లేదు, రెండు సన్నని రాగి పైపులకి గోడలో ఒక్క రంధ్రం చాలు. అందుకే ఒక్క గదికి, ఒక్క షాపుకి ఇదే తగినది. అమెరికాలో పిల్లలున్న వాళ్లు "మినీ స్ప్లిట్" అన్న మాట వినే ఉంటారు, అదీ ఇదీ ఒకటే.

ఇప్పుడు మా పొరపాటు మీకు అర్థమై ఉంటుంది. ఇరుకు సందులో పెడితే బయటి యూనిట్ ఊదిన వేడిగాలినే మళ్లీ అదే పీల్చుకుంటుంది. తోడిన నీళ్లు తిరిగి నూతిలోనే పోసినట్టు! తర్వాత వచ్చిన వేరే మెకానిక్కు దాన్ని తీసి డాబా మీద, తూర్పు పిట్టగోడ పక్కన నీడలో, ముందు నాలుగడుగుల ఖాళీ ఉండేలా పెట్టాడు. డాబాకి మేం రెండు పూతలు తెల్ల సున్నం వేయించాం. పడమటి కిటికీకి దళసరి తెర కట్టాను. అదే ఒక టన్ను ఏసీతో గది చాలావరకు దారికొచ్చింది. నడి మే నెలలో మాత్రం చాలేది కాదు, అందుకే 2023లో మార్చినప్పుడు ఒకటిన్నర టన్ను తీసుకున్నాం. సున్నం సంగతి మాత్రం చిన్న చూపు చూడకండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ల పైకప్పులు చల్లగా ఉంచడానికంటూ ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

ఇక మా చెల్లెలి సంగతి. దానికి బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుట్టే షాపుంది, ఒక షట్టరు గది, అద్దెది. రెండు ఎండాకాలాలు వరసగా మధ్యాహ్నం కాగానే కుట్టే అమ్మాయిలు ఇంటికెళ్లిపోయారు. చెమట చేతులతో పట్టుకుంటే పట్టుబట్ట మీద మరకలు. ఒకమ్మాయి ఏసీ ఉన్న వేరే షాపులో చేరిపోయింది. రెండో అమ్మాయి కూడా వెళ్తానంటోందని తెలిసి "అక్కా, ఇక షాపు మూసుకోవడమే" అని నా దగ్గర ఏడ్చింది. చీటీ పాడిన డబ్బు యాభై వేలుంది దాని చేతిలో. అంతే. తప్పు కొంటే మళ్లీ కొనే స్తోమత లేదు.

2024 సంక్రాంతికి ముందే, చలికాలంలో వెళ్లాం. ఆ రోజుల్లో షాపులో జనం ఉండరు, ఓపిగ్గా మాట్లాడతారు, బిగించేవాళ్లూ తొందరపడరు. అక్కడతను "షాపుకైతే రెండు టన్నులు తీస్కోండమ్మా" అన్నాడు. ఈసారి నేను కాగితం మీద లెక్క వేసుకుని వెళ్లాను.

లెక్క ఏమంత కష్టం కాదు. టన్ను అంటే మెషీను బరువు కాదండీ. ఒక టన్ను మంచుగడ్డ ఒక రోజంతా కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని రోజులో తోడే శక్తి. మనకి తెలిసిన లెక్కలో సుమారు 3,500 వాట్లు. మామూలు గది నూటఇరవై చదరపు అడుగుల లోపైతే ఒక టన్ను, నూటఎనభై వరకు ఒకటిన్నర అని స్థూలంగా అనుకోవచ్చు. పైన డాబా ఉన్నా, పడమటి ఎండ తగిలినా ఒక మెట్టు ఎక్కాలి. దాని మీద లోపల పుట్టే వేడిని కలపాలి. కూర్చుని పని చేసుకునే ఒక్కో మనిషి ఒంట్లోంచి దాదాపు నూరు వాట్లు. కుట్టు మెషీను మోటారు ఒక్కోటీ ఇంకో నూరు. చెల్లెలి షాపు పది బై పద్నాలుగు, పైన ఇంకో అంతస్తు ఉంది, ఉత్తరం ముఖం. మనుషులు అయిదుగురు, మెషీన్లు మూడు, వెరసి ఎనిమిది వందల వాట్లు. ఇస్త్రీపెట్టె ఒక్కటే వెయ్యి! అది వేడెక్కి ఉన్నంతసేపూ పావు టన్నుకి పైగా అదే మింగేస్తుంది. అందుకని ఇస్త్రీ బల్లని వెనక వరండాలోకి మార్పించాను. పైసా ఖర్చు లేదు. రెండు టన్నుల అవసరం తీరిపోయి ఒకటిన్నర చాలింది. బ్యూటీ పార్లర్ నడిపే సోదరీమణులు హెయిర్ డ్రయ్యర్లని కూడా ఇలాగే లెక్కలో వేసుకోవాలి.

పెద్దది కొంటే పోలేదా అంటారేమో. మన కోస్తాలో ఎండ ఒక్కటే కాదు, ఉక్క కూడా. మరీ పెద్ద ఏసీ గదిని చప్పున చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తడి మాత్రం అలాగే ఉండిపోతుంది. చల్లగా ఉంటుంది కానీ ఒళ్లు జిడ్డు జిడ్డుగా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం తనే తగ్గించుకుంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. రోజూ గంటల తరబడి వాడేవాళ్లు ఇన్వర్టర్ రకమే చూసుకోండి.

స్టార్ల దగ్గర షాపువాళ్లు మనల్ని బాగా కంగారు పెడతారు. ఎన్ని స్టార్లో కాదు, ఆ స్టిక్కరు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది, అది చూడండి. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. ఆ రోజు మేం చూసిన ఒకటిన్నర టన్నుల్లో అయిదు స్టార్లకీ, మూడు స్టార్లకీ తేడా దాదాపు 220 యూనిట్లు, ధరలో తేడా ఎనిమిది వేలు. చెల్లెలు రోజుకి తొమ్మిది గంటలు, ఏడెనిమిది నెలలు వాడుతుంది, అంటే రెండు వేల గంటలు. కమర్షియల్ మీటరు కాబట్టి యూనిట్ పది రూపాయలనుకున్నా ఏడాదికి రెండు వేల ఏడు వందల పైన మిగులు. మూడేళ్లలో తేడా వచ్చేస్తుంది. అందుకని దానికి అయిదు స్టార్లు. మా ఇంట్లో అయితే ఎండాకాలం రాత్రిళ్లు మాత్రమే, మహా అయితే ఎనిమిది వందల గంటలు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే ఆ ఎనిమిది వేలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. నేను మూడు స్టార్లే తీసుకున్నాను. మా వారు "నువ్వు చెల్లెలికో న్యాయం మాకో న్యాయమా" అన్నారు. లెక్క చూపించాను, ఊరుకున్నారు.

స్టిక్కరు మీద అది ఏ సంవత్సరాలకి చెల్లుతుందో కూడా ఉంటుంది. 2022 జూలైలో స్టార్ల లెక్క గట్టి చేశారు. అంతకు ముందు అయిదు స్టార్లున్న మోడలు ఆ తర్వాత నాలుగైపోయింది. పాత సరుకు తగ్గింపు ధరకి ఇస్తామంటే ఈ మాట గుర్తుంచుకోండి. పన్ను కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నించి 18 శాతానికి తగ్గింది, బిల్లులో సరిచూసుకోండి.

"హాట్ అండ్ కోల్డ్" అని ఇంకో రకం చూపిస్తారు. గ్యాసు నడిచే దారిని తిరగేస్తే బయటి వేడిని తోడి గదిలో పోస్తుందన్నమాట. చేదని అటు నించి ఇటు వేసినట్టు. ఢిల్లీలో ఉండే మా మరిది వాళ్లకి అదే ఉంది. మా తోడికోడలు ఇదివరకు రెండు వేల వాట్ల హీటరు పెట్టేది. ఈ రకంలో ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి వస్తుంది కాబట్టి ఖర్చు బాగా తగ్గిందంటుంది. అరకు, లంబసింగి వైపు గదులు అద్దెకిచ్చుకునే వాళ్లకీ ఇది ఆలోచించదగ్గదే. విజయవాడలో మనకెందుకమ్మా? జనవరిలో ఓ దుప్పటి చాలు.

షాపు పెట్టుకున్నవాళ్లు ఇంకో రెండు ఖర్చులు ముందే పక్కన పెట్టుకోవాలి. షట్టరు తీసి ఉంచి ఏసీ వేస్తే వీధికి వేసినట్టే. మా చెల్లెలు అల్యూమినియం ఫ్రేముతో అద్దాల తలుపు పెట్టించింది. రెండోది, మీటరు మీద లోడు పెంచమని కరెంటు ఆఫీసులో డబ్బు కట్టడం. అద్దె షాపైతే గోడకి రంధ్రం వేసే ముందు ఓనరుగారితో మాట అనిపించుకోండి.

బిగించే రోజు మాత్రం పని మానుకుని దగ్గరుండండి. ఏసీకి వేరే వైరు, వేరే ఎంసీబీ, మంచి ఎర్తింగు ఉండాలి. పైపులు కలిపాక లోపలున్న గాలినీ తడినీ వాక్యూమ్ పంపుతో లాగేయాలి. చాలామంది ఆ పంపు తేకుండానే పైపైన కొంచెం గ్యాసు వదిలి అయిపోయిందంటారు. మొదటిసారి మా ఇంట్లో అలాగే చేశారు. ఇప్పటి గ్యాసుల్లో మంట అంటుకునే గుణమున్నవి ఉన్నాయి, పంపు లేకపోతే బిగించనివ్వకండి. ఏసీతో ఇచ్చే రాగి పైపు సాధారణంగా మూడు మీటర్లు, ఆ పైన మీటరుకింత అని తీసుకుంటారు. ఆ డబ్బుకి చూసుకుని మాలాగ సందులో పెట్టించుకోకండి. నీళ్ల పైపు కిందికి వాలుగా ఉందో లేదో ఒక చెంబుడు నీళ్లు పోయించి చూడండి.

చెల్లెలు 26లో పెట్టి పైన ఫ్యాను తిప్పుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా ఆదా అని ఢిల్లీ బీఈఈ వాళ్ల లెక్క. మే నెలలో పొద్దున్నా సాయంత్రం మీటరు చూసి రాసుకుంది, ఏసీకి రోజుకి ఏడెనిమిది యూనిట్లు వచ్చింది. వెళ్లిపోతానన్న అమ్మాయి వెళ్లలేదు. పోయినమ్మాయి శ్రావణ మాసం పెళ్లిళ్ల ముందు తిరిగొచ్చింది. ఒక్కటే, కుట్టు షాపులో నూలు దుమ్ము ఎక్కువ. లోపలి పెట్టెలో జాలీ వారం తిరిగేసరికి బొంత కప్పినట్టవుతుంది, గాలి ఆడదు. ప్రతి ఆదివారం ఆ అమ్మాయిలే తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెడతారు. ఇంట్లో అయితే పదిహేను రోజులకోసారి చాలు.